తీగ కింది వరస

పండిన కాయనే దేవుడు కోసుకుంటాడట, ఈ మాట అన్నాయన జీవితంలో ఒక్కసారైనా మామిడితోటలో అడుగుపెట్టాడో లేదో, పండిన కాయను ఎవరూ కోయరండీ ఫాదర్ గారూ, పండిన కాయ దానంతటదే రాలుతుంది, రాలి పగులుతుంది, చీమలు పడతాయి, మేము కోసేది పచ్చిగా ఉన్నప్పుడే, భుజాలు నిండి తొడిమ దగ్గర గుంట పడిన కాయను, ఇంకా రాయిలా గట్టిగా, ఇంకా చెట్టును వదలనంటున్నప్పుడే కోస్తాం, యాభై నాలుగేళ్ల చిన్నరాయప్పను అలా కోశారంటే ఒప్పుకుంటాను, కానీ కోసింది ఎవరు అన్నది ఈ చర్చిలో ఎవరూ అడగడం లేదు, చివరి బెంచీలో కూర్చున్న నేనూ అడగడం లేదు, ఫ్యాన్ల చప్పుడులో ఫాదర్ గారి గొంతు కాసేపు వినిపించి కాసేపు కొట్టుకుపోతోంది, చిన్నరాయప్ప పోయి ఇవాళ్టికి ముప్ఫై రోజులు, అతని ఆత్మశాంతికి పూజ, రమ్మని చెప్పడానికి అతని భార్య జోజమ్మ మా ఇంటికి వచ్చింది, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చెప్పులు విప్పి గుమ్మం బయట నిలబడి మీరు రావాలండీ, ఆయన మీ తోటలోనే గదండీ బతికింది అంది, పోయింది అనలేదు, బతికింది అంది, రానని ఎలా అంటాను, నలభై ఏళ్లుగా ఏ గుడి మెట్టూ ఎక్కని కోటేశ్వరరావు చర్చి బెంచీ మీద కూర్చున్నాడు చూడండి అని ఎవరైనా నవ్వితే బాగుండును, ఎవరూ నవ్వడం లేదు, జరిగి చోటిచ్చారు, తువ్వాలుతో తుడిచి మరీ ఇచ్చారు, పక్కన మా ఆవిడ ప్రమీలారాణి చేతులు జోడించి కళ్లు మూసుకుంది, ఆమెకు ఏ గుడైనా ఒకటే, ఎవరి ముందైనా దండం పెట్టగలదు, ఆ దండం దేనికో నాకు తెలుసు, నేను మిగిలి ఉన్నందుకు, అది తలచుకుంటే ఇక్కణ్ణుంచి లేచిపోవాలనిపిస్తుంది.

ప్రమాదం జరిగిన మూడో రోజు మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది, ఈ ఏడు మీకు గండం ఉందని సిద్ధాంతి గారు ఉగాదికే చెప్పారండీ, మీకు చెబితే తిడతారని దాచాను, ఆ గండం అతని మీదుగా దాటిపోయింది, భగవంతుడు మనల్ని చల్లగా చూశాడు అంది, చల్లగా చూశాడట, ఇదేం దేవుడు, నా మీద వెయ్యాల్సినదాన్ని పట్టుకెళ్లి పక్కవాడి మీద వేసేవాడు, వేసి నా పెళ్లాం చేత కొబ్బరికాయ కొట్టించుకునేవాడు, నోరు ముయ్యి అన్నాను, ముప్ఫై అయిదేళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట, ఆమె కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది, వెళ్లిపోయాక తెలిసింది నాకు అంత కోపం ఎందుకు వచ్చిందో, ఆ మాట చెవిన పడగానే లోపల ఎక్కడో ఒక మూల చల్లబడింది, జానెడు మేర, నిప్పుల మీద ఎవరో చెంబుడు నీళ్లు చల్లినట్టు, నేను కాదు, గండం, నేను కాదు, గ్రహం, ఎంత హాయి, జీవితమంతా నేను ఛీ కొట్టిన హాయి అదే, అందరూ పుట్టినప్పటి నుంచి తాగుతున్న ఈ నీళ్లు నాకు అరవై రెండో ఏట ఒక్క చుక్క నాలుకకు తగిలాయి, తియ్యగా ఉన్నాయి, దానికే ఆమె మీద అరిచాను.

పీఠం పక్కన స్టూలు మీద చిన్నరాయప్ప ఫోటో, ఆధార్ కార్డుకు తీయించుకున్నదాన్ని పెద్దది చేయించినట్టున్నారు, మొహం కొయ్యబారి ఉంది, అతనిది అసలు అలాంటి మొహమే కాదు, మాట వినేటప్పుడు ఎడమ కన్ను కాస్త చిన్నది చేసేవాడు, నా మాటలకైతే రెండు కళ్లూ చిన్నవయ్యేవి, ఇరవై రెండు కోతలు కోశాడు మా తోటలో, గంపలు మోసేవాడిగా వచ్చి కోత ముఠాకి మేస్త్రి అయ్యాడు, ముందు బంగినపల్లి, వెనక చిన్నరసాలు, ఉత్తరపు గట్టున మా నాన్న నాటిన పెద్దరసాలు ఒక్క వరస, ఏ చెట్టుకు ఏ కొమ్మ మోసం చేస్తుందో నాకంటే అతనికే బాగా తెలుసు, మధ్యాహ్నం అన్నాలప్పుడు నేను మడత కుర్చీలో, అతను నీడలో గోనెసంచి మీద, నేను మొదలుపెట్టేవాణ్ణి, ఇరవై ఏళ్ల వయసులో బెజవాడ వెళ్లి హేతువాద తరగతుల్లో నేర్చుకున్నదంతా, ముహూర్తం లేకుండా రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకున్న సంగతి, పాలు పొంగించకుండా ఇంట్లో చేరిన సంగతి, చూడు రాయప్పా, దేవుడి పేరు చెప్పి మనిషి తప్పించుకుంటున్నాడు, పూత మాడితే దేవుడు, పిందె రాలితే దేవుడు, మందు కొట్టాల్సిన రోజున ముసుగుతన్ని పడుకున్నవాడి సంగతి ఎవడూ మాట్లాడడు, దేవుడు లేడు, ఉన్నదల్లా మనిషి చేసింది, మనిషి చెయ్యంది, అంతే, అనేవాణ్ణి, ముఠా వాళ్లంతా కూరలు పంచుకుంటూ వినేవాళ్లు, వినక ఏం చేస్తారు, కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేను.

ఒకసారి అతను పచ్చడి వేలు నాక్కుంటూ, మీ మాట సగం నిజమేనండీ, దేవుడు ఏ పనీ చెయ్యడు, చేతులు మనకిచ్చేశాక ఆయనకింక చేతులెక్కడియ్యి అన్నాడు, మరి చేతుల్లేని దేవుడు దేనికిరా అన్నాను, చూట్టానికండీ, ఎవరో ఒకరు చూస్తా ఉండాలి గదా, లేకపోతే మనం చేసింది మనకే గుర్తుండదు అన్నాడు, నేను నవ్వాను, నవ్వడం బాగా వచ్చు నాకు, నువ్వు దేవుణ్ణి వాచ్‌మన్ ఉద్యోగంలో పెట్టావురా అన్నాను, అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు, మనుషులంతా సమానమని ఉపన్యాసం చెబుతూ అతణ్ణి ఒరే అన్నాను, అతను నన్ను అండీ అన్నాడు, ఇరవై రెండేళ్లు, ఒక్కనాడైనా నాకు తట్టలేదు, నన్ను ఎవరూ చూడటం లేదనే కదా అంత ధైర్యం, ఇప్పుడు ఆ కొయ్యబారిన ఫోటో చూస్తోంది, ఫోటో ఏం చూస్తుంది, కాగితం, నేను ఏం మాట్లాడుతున్నాను, ఈ చర్చి గాలి తగిలి నా బుర్ర కూడా పాడవుతోంది.

అసలు చూసేవాడే ఉంటే ఆ రోజు ఏం చూస్తూ కూర్చున్నాడు, గాలి కాస్త గట్టిగా వీస్తే పోయే కరెంటు, కాకి వాలితే పోయే కరెంటు, ఆ ఒక్క నిమిషం పోలేదు, పోనివ్వడం ఎంత పని, సముద్రాలు చీల్చడం, చచ్చినవాళ్లను లేపడం అక్కర్లేదు, ఒక్క ఫీజు కొట్టేస్తే చాలు, చెయ్యడు, చెయ్యలేడు, లేడు, లేనివాడి మీద నాకు ఇంత ద్వేషం ఎందుకు, ముప్ఫై రోజులుగా పళ్లు తోముకుంటూ తిడుతున్నాను, అన్నం కలుపుకుంటూ తిడుతున్నాను, బతికినంత కాలం నీ ఉనికినే ఒప్పుకోని నేను నిన్ను ఇన్ని తిట్లు ఎలా తిడుతున్నానురా, ఫాదర్ గారు ఇప్పుడు దైవచిత్తం అంటున్నారు, మన చిత్తం కాదు ఆయన చిత్తమే నెరవేరుగాక అంటున్నారు, ముందు వరసలో జోజమ్మ తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుంది, ఆమె పక్కన కూతురు షీబా, గుంటూరులో ఏదో ఆస్పత్రిలో నర్సు, తండ్రి పోయిన రోజు వచ్చి వారానికి వెళ్లిపోయి నిన్న మళ్లీ వచ్చింది, షీబా తల వంచలేదు, నిటారుగా కూర్చుని ఫాదర్ గారినే చూస్తోంది, ఆ మెడ నిలబెట్టిన తీరు తండ్రిదే.

దైవచిత్తం కాదండీ, ఏప్రిల్ నెలాఖరు ఈదురుగాలి, ఉత్తరపు గట్టున కరెంటు స్తంభం ఒరిగింది, పెద్దరసాల వరస మీద తీగ కిందికి దిగింది, నేల మీద నుంచి చూస్తే ఎత్తుగానే ఉన్నట్టుంటుంది, కొమ్మ మీద నిలబడితే దగ్గరగా ఉంటుంది, సాయంత్రం చెట్టు దిగి వచ్చి రాయప్ప చెప్పాడు, తీగ బాగా కిందికొచ్చిందండీ, లైన్‌మాన్‌కి ఒక్క ఫోన్ చేసి లైన్ ఆపించండి, అరపూటలో ఆ వరస కోసేస్తాం అన్నాడు, చేస్తాలే అన్నాను, ఫోన్ నా జేబులోనే ఉంది, నంబరు ఫోన్‌లోనే ఉంది, కానీ ఆ లైన్‌మాన్ అంతకు వారం ముందు తోటకొచ్చి ఇంటికి ఒక బుట్ట చిన్నరసాలు ఇప్పించండి అని నవ్వుతూ అడిగాడు, ఇచ్చేస్తే పోయేది, అందరి ముందూ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను, జీతం తీసుకుంటూ ఇంకా చెయ్యి చాపుతారేంటయ్యా, ఇలాంటి వాటితోనే దేశం నాశనమవుతోంది అన్నాను, అతను తల దించుకుని మోటార్‌సైకిల్ ఎక్కి పోయాడు, ఎంత బాగా మాట్లాడానో అని ఆ రోజంతా నాకే ముచ్చటేసింది, ఇప్పుడు అదే మనిషికి నేను ఫోన్ చేసి బాబ్బాబు ఒక్కసారి లైన్ ఆపు అని అడగాలి, వాడు సరే చూస్తాలెండి అంటాడు, ఆ మాటలో వాడి గొంతు ఎలా ఉంటుందో నాకు ముందే వినిపించింది, రేపు చెయ్యొచ్చులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున రాయప్ప మళ్లీ అడిగాడు, ఫోన్ చేశారాండీ అని, చూద్దాంలే, ముందు కొయ్యండి, లారీ వచ్చి కూర్చుంది, జాగ్రత్తగా కొయ్యండి, కళ్లున్నాయి కదా అన్నాను, ఆ చివరి మాట ఎందుకన్నాను, కళ్లున్నాయి కదా, అతను ఎడమ కన్ను చిన్నది చేసి ఒక్క క్షణం నిలబడ్డాడు, తరవాత కర్ర అందుకున్నాడు, కర్ర కూడా కాదు, ఈ ఏడు నేనే కొత్తగా తెప్పించిన అల్యూమినియం గొట్టం, చివర వల కట్టినది, తేలిక, పొడుగు, వెదురు గడలు పాతకాలం వాళ్లవి అని నేనే అన్నాను, వెదురే మేలండీ, చేతి మాట వింటది అని అతను అంటే మార్పుకు ఎప్పుడూ మీరే అడ్డం అన్నాను, పంగలో ఒక కాలు, కొమ్మ మీద ఒక కాలు, పైన చిటారున రెండు కాయలు, గొట్టం పైకి లేచింది, నేను కొనుగోలుదారుతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను, చప్పుడు పెద్దగా కూడా రాలేదు, ఎండుపుల్ల విరిగినట్టు, అంతే, ఆకులు కదిలాయి, కింద కాయలు ఏరుతున్న జోజమ్మ లేచి పరిగెత్తింది, ఇద్దరు ఆడవాళ్లు ఆమె నడుము పట్టుకుని ఆపారు, నేను ఆగిపోయాను, ముట్టుకోవద్దు, ఎవరూ ముట్టుకోవద్దు అని అరుస్తూ అక్కడే ఆగిపోయాను, అప్పుడు ఫోన్ చేశాను, అదే నంబరుకి, ఆ లైన్‌మాన్ బుట్ట సంగతి ఎత్తలేదు, గొంతులో ఏ తేడా లేదు, ఇప్పుడే ఆపిస్తున్నా సార్ అన్నాడు, రెండు నిమిషాలు, రెండే రెండు నిమిషాల్లో లైన్ ఆగింది, అంత తేలిక.

స్టేషన్‌లో కాగితం నా ముందు పెట్టారు, మృతుడు పైన ఉన్న విద్యుత్ తీగలను గమనించక తన నిర్లక్ష్యం వల్ల అని రాసి ఉంది, సంతకం పెట్టేముందు ప్రతి కాగితమూ రెండుసార్లు చదివే మనిషిని నేను, చదవకుండా వేలిముద్రలు వేసే జనాన్ని ఎన్నిసార్లు తిట్టానో, రెండుసార్లు చదివి సంతకం పెట్టాను, ఇప్పుడు చర్చిలో జనం లేచి వరసగా ముందుకు వెళ్లి నోరు తెరిచి దేవుడి శరీరమంటూ అప్పం అందుకుంటున్నారు, నిజంగా నమ్ముతారా ఇది, నమ్ముతారు, నమ్మి ఇళ్లకు వెళ్లి నిద్రపోతారు, నిద్రపోయేవాళ్లంటే నాకు అసహ్యంగా ఉంది, జోజమ్మ కూడా వెళ్లి నిలబడింది, ఊరంతా వచ్చి పరామర్శించినప్పుడు కూడా ఆమె ఒకటే మాట, దేవుడు తీసుకెళ్లాడండీ, ఎవరిని ఏమంటాం, ప్రతి ఒక్కరితోనూ అదే, నా మొహం మీద కూడా అదే, పిచ్చిది, ఈ మత్తు ఎక్కించి మేకల మందను చేశారు వీళ్లని అని నాకు ఒళ్లు మండింది, మండుతూనే ఆ మాట కింద దూరి కూర్చున్నాను, వానకి చెట్టు కింద చేరినట్టు.

పూజ అయ్యాక పేటలో చిన్నరాయప్ప ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టారు, నాకూ ప్రమీలకూ విడిగా రెండు కుర్చీలు, ముందు ఒక బల్ల, మిగతా అందరూ పట్టాల మీద, వద్దన్నాను, వినలేదు, షీబా నేరుగా నా ముందుకు వచ్చి నిలబడింది, చేతిలో మడతపెట్టిన కాగితం, నిన్న స్టేషన్‌కి వెళ్లి నకలు తెచ్చుకుందట, మా నాన్న నిర్లక్ష్యం వల్ల పోయాడని ఇందులో ఉందండీ, కింద మీ సంతకం ఉంది అంది, గొంతు పెంచలేదు, ఆస్పత్రిలో రోగి బంధువులతో మాట్లాడే గొంతు కాబోలు, ఒక్క సంగతి చెప్పండి, మా నాన్న చెట్టెక్కక ముందు మీరు లైన్‌మాన్‌కి ఫోన్ చేశారా లేదా అని అడిగింది, ముప్ఫై రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న, పోలీసులు అడగలేదు, లైన్‌మాన్ అడగలేదు, నా భార్య అడగలేదు, అవునో కాదో ఒక్క ముక్కలో అయిపోయే ప్రశ్న, నేను నోరు తెరిచాను, తెరిచి, నా చెవులతో నేనే విన్నాను, అంతా దేవుడి నిర్ణయం అమ్మా, మన చేతుల్లో ఏముంది అన్నాను.

నేనన్నాను ఆ మాట, ఎవరో నా నోట్లో పెట్టి పలికించలేదు, తడబడకుండా, కాస్త తల కూడా ఊపి, పైకి కూడా చూసి, పుట్టినప్పటి నుంచీ సాధన చేసినవాడిలా అన్నాను, ప్రమీల తల తిప్పి నన్ను చూసింది, ఆమె మొహంలో ఆశ్చర్యం కాదు, సంతోషం, అది ఇంకా భరించరానిది, షీబా మాత్రం కదల్లేదు, మీరా అండీ ఆ మాట అనేది అంది, మా నాన్న రోజూ అన్నం దగ్గర మీ మాటలు చెప్పేవాడు, మా అయ్యగారు ఒప్పుకోరు గానీ దేవుడికి నచ్చే మనిషమ్మా, ఎవరి మీదికీ నెట్టడు, తన పని తనదంటాడు అనేవాడు, చదువుకుంటే అట్టా చదువుకోవాలనేవాడు, నేను చిన్నప్పుడు మీ మాటలు విని ప్రార్థన మానేస్తే అమ్మ కొట్టింది, ఆయన నన్ను ఏమీ అన్లేదు, ఇప్పుడు మీకు దేవుడు ఏ అవసరానికి వచ్చాడండీ అని అడిగింది, చెయ్యలేదు అన్నాను, ఏంటండీ అంది, ఫోన్ చెయ్యలేదు, మీ నాన్న రెండుసార్లు చెప్పాడు, నేను చెయ్యలేదు అన్నాను, వడ్డించేవాళ్ల గరిటెలు ఆగిపోయాయి, అది వినాలనే వచ్చినట్టు షీబా తల ఆడించింది, కళ్లలో నీళ్లు లేవు, నాకు నీళ్లు వచ్చాయి, వాటిని చూసి నా మీద నాకు అసహ్యం వేసింది, ఇప్పుడు ఏడిస్తే అది కూడా ఒక తప్పించుకోవడమే.

జోజమ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది, షీబాని లోపలికి పొమ్మంది, షీబా వెళ్లలేదు, జోజమ్మ నా ఎదురుగా నిలబడి మామూలు గొంతుతో, మీరు ఫోన్ చెయ్యలేదని నాకు ఆ రోజే తెలుసండీ అంది, పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన చెప్పాడు, నిన్న చెప్పా, చెయ్యలేదు, ఇయ్యాల మళ్లీ చెప్తా అన్నాడు, నేను పక్కనే ఉన్నా గదండీ, కళ్లున్నాయి గదా అని మీరన్నది కూడా విన్నా అంది, గ్లాసు పట్టుకోబోయిన నా చెయ్యి వెనక్కి వచ్చేసింది, మరి అందరితో దేవుడు తీసుకెళ్లాడని ఎందుకు చెప్పావు జోజమ్మా అన్నాను, ఆమె కొంగు సర్దుకుంది, మీ మీద పెడితే రేపు మీ తోటలోకి ఎట్టా వస్తానండీ, ఈ చుట్టుపక్కల ఎవరి తోటలోకి రానిస్తారు నన్ను, దేవుడి మీద పెట్టుకుంటే ఎంత తిట్టుకున్నా పనిలోకి రావొద్దని అనడు, రోజూ తిడతన్నా ఆయన్ని, ఇందాక చర్చిలో కూడా తిట్టా, పూజ చెప్పించి మరీ తిట్టా అంది, కోపంగా అనలేదు, క్షమిస్తున్నట్టూ అనలేదు, గంపలో కాయలు సర్దేటప్పుడు ఏది అడుగున పెట్టాలో ఏది పైన పెట్టాలో చెప్పే గొంతు, అంతే, నేను మేకల మంద అనుకున్నది ఈమెనా, అన్నీ చూసి, అన్నీ విని, తాను బతకడానికి ఏ బరువును ఎవరి మీద పెట్టాలో తన బుర్రతో తానే తేల్చుకున్న మనిషి, ఎవరి మీదా ఆధారపడకుండా నిర్ణయించుకునే మనిషి అని నలభై ఏళ్లు ఉపన్యాసాల్లో వర్ణించాను, ఆ షామియానా కింద అలాంటి మనిషి ఒక్కతే ఉంది, అది నేను కాదు, ఆమె దేవుణ్ణి పనిలో పెట్టుకుంది, నేను ఆయన వెనక దాక్కున్నాను.

లేచాను, అన్నం ముట్టలేదు, ప్రమీల వెంట వచ్చి స్కూటర్ హ్యాండిల్ పట్టుకుంది, ఎక్కడికండీ, స్టేషన్‌కి, అయిపోయినదాన్ని ఎందుకు కెలుక్కుంటారు, దేవుడే కప్పిపెట్టాడు అంది, కప్పిపెట్టింది నేను ప్రమీలా, ఆయన కాదు అన్నాను, అరవలేదు, ఆమె చెయ్యి తీసింది, ఆగిరిపల్లి రోడ్డు మీద తోటలన్నీ ఖాళీ అయిపోయాయి, కోతలు అయిపోయిన చెట్లు చేతులు దులుపుకున్నట్టు నిలబడ్డాయి, ఆ తోటల మీదుగా కూడా తీగలే, స్తంభం నుంచి స్తంభానికి, ఒక్కో తీగ ఎంత కిందికి ఉందో చూస్తూ పోతున్నాను, ముప్ఫై రోజుల కిందట ఒక్కసారైనా ఇలా తలెత్తి చూసినవాణ్ణి కాదు, దారిలో మనసు మళ్లీ మొదలుపెట్టింది, చెయ్యగలిగింది చేద్దువులే, ముందు లాయరును అడుగు, షీబాని పిలిపించి ఏదో ఒకటి మాట్లాడు, కాగితం మారిస్తే చచ్చినవాడు లేస్తాడా, ఎంత తెలివైనది ఇది, నా హేతువాదమంతా దీనికి పదును పెట్టడానికే పనికొచ్చింది, స్కూటర్ ఆపితే ఇక వెళ్లనని తెలుసు, ఆపలేదు.

స్టేషన్‌లో రైటర్ నన్ను గుర్తుపట్టాడు, మళ్లీ ఏంటండీ కోటేశ్వరరావు గారూ, అదంతా అయిపోయింది గదా అన్నాడు, ఆ రోజు చెప్పింది తప్పు, మళ్లీ రాసుకోండి అన్నాను, అతను కుర్చీ చూపించాడు, నిలబడే చెప్పాను, తీగ దిగిన సంగతి, రాయప్ప రెండుసార్లు చెప్పిన సంగతి, గొట్టం నేను తెప్పించిన సంగతి, లైన్‌మాన్‌తో నాకున్న పంతం కూడా, అది మాత్రం చెప్పేటప్పుడు మాట తడబడింది, మనిషి ప్రాణం ఒక బుట్ట కాయల దగ్గర ఆగిందని పైకి చెప్పడం ఎంత చిన్నగా ఉంటుందో, ఇది రాస్తే ఇక మీ మీదికే వస్తదండీ, కేసు మళ్లీ తెరవమని పైకి పంపాల్సి వస్తది, పైవాడు వదిలేసినా మీరు వదుల్తానంటం లేదే, ఆలోచించుకోండి అన్నాడు రైటర్, మంచి మనసుతోనే అన్నాడు, అందరూ మంచి మనసుతోనే నాకు ఆ తలుపు తీసి పట్టుకుంటున్నారు, రాయండి అన్నాను, ఎవరి నిర్లక్ష్యం అని రాయమంటారు అన్నాడు, నాది అన్నాను, అతను రాసి పైకి చదివాడు, మృతుడు రెండు పర్యాయములు హెచ్చరించినప్పటికీ తోట యజమాని అయిన నేను లైను నిలుపుదల చేయించనందున అని, ఇంకోసారి చదవమన్నాను, చదివాడు, సంతకం పెట్టాను.

తేలికపడతానేమో అనుకున్నాను, పడలేదు, చెప్పుకుంటే బరువు దిగుతుందని ఫాదర్ గారు అనొచ్చు, దించుకునేవాడు ఉన్నవాళ్లకు అది నిజమే కావచ్చు, నాకు ఎవరూ లేరు, ఉన్నా ఇప్పుడు ఇవ్వను, షీబా క్షమించదు, క్షమించాల్సిన పనీ లేదు, జోజమ్మ రేపు పనిలోకి వస్తుందో ఇక రాదో ఆమె ఇష్టం, నేను వాళ్ల దగ్గర ఏమీ అడగకూడదు, స్టేషన్ వరండాలో నిలబడ్డాను, పొద్దుటి నుంచీ, కాదు, ముప్ఫై రోజుల నుంచీ బుర్రలో అరుస్తున్నది మెల్లగా సద్దుమణుగుతోంది, అంతా మనిషే చేస్తాడు అని నలభై ఏళ్లు ఎదుటివాళ్ల దేవుళ్ల మీదికి రాళ్లలా విసిరాను, ఎంత గర్వంగా అన్నాను ఆ మాట, వంతెనలు కట్టినవాడూ మందులు కనిపెట్టినవాడూ అంతా నేనే అయినట్టు, ఫోన్ జేబులో పెట్టుకుని రేపు చూద్దాంలే అన్నవాడు కూడా ఆ మనిషేనని ఎప్పుడూ అనుకోలేదు, దేవుడు లేడు అన్న ప్రతిసారీ నేను నా మీదే వాంగ్మూలం ఇస్తూ వచ్చాను, దాని కింద సంతకం పెట్టింది మాత్రం ఇవాళే.